ఎముకలు దొరకని అమ్మ

కిందటి వారం ఒక దీపం ఆరిపోయిన దగ్గర ఆగాం. విరుదునగర్‌లో పెళ్ళికొడుకు వారింట, నిశ్చయ తాంబూలాల వేళ, లోపలి మూల గది మూసిన తలుపు ముందు చిన్నతాయి వెలిగించిన దీపాన్ని మీనాక్షియమ్మాళ్ అరచేత్తో నొక్కి ఆర్పేసింది. ఎందుకని అడిగినవాళ్ళకు జవాబు చెప్పలేదు. ఏమీ జరగనట్టు తాంబూలం పళ్ళెం అందుకుంది.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవారికి నాలుగు ముక్కలు. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల యూనిట్ నడిపే కందసామికి ఒక్కతే కూతురు సింధుజ. తల్లి లేని ఆ పిల్లను పెంచింది మేనత్త చిన్నతాయి. పెళ్ళికొడుకు గోకులకృష్ణన్‌ది విరుదునగర్‌లో నూనె మిల్లు. మీనాక్షియమ్మాళ్ అతని అవ్వ. చిన్నతాయి పెళ్ళయిన రెండో ఏటే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి చేరిన మనిషి. "దీపం మా అత్త చేతితోనే వెలగాల" అని పట్టుబట్టింది సింధుజే. అందుకని ఆ దీపం ఆరగానే చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా చిన్నతాయి బోసి చేతుల వంక చూశారు. కారణం ఇంకొకరు చెప్పనక్కర్లేదని అందరూ అనుకున్నారు. చిన్నతాయి కూడా అనుకుంది.

"ముసలామె చాదస్తం, వదిలెయ్" అన్నాడు కందసామి. వదలడానికి చిన్నతాయి కందసామి కాదు. పాలల్లో నీళ్ళు కలిపారని ఊరంతా అనుమానిస్తుంది. ఆ కలిపిన నీళ్ళయినా మంచివేనా అని అనుమానించే రకం చిన్నతాయి. యూనిట్లో పుల్లల కట్టలు తూచేటప్పుడు ముందు తక్కెడను పరీక్షిస్తుంది, తర్వాత తూచేవాణ్ణి. అలాంటి మనిషికి అవమానం జరిగితే నిద్ర పడుతుందా? అవమానం ఒకవైపు, అంతకంటే పెద్ద భయం ఇంకోవైపు. విధవ చేతి దీపాన్ని ఆర్పిన ఇల్లు, తల్లిలేని పిల్లను ఎలా చూస్తుంది? రేపు సింధుజకు ఏ కష్టమొచ్చినా అడగడానికి వెళ్ళాల్సింది తనే. తనను గడప తొక్కనివ్వరేమో!

తమిళుల మాసి నెల అమావాస్య వచ్చింది. ఆ రోజు కందసామి వంశం వారంతా కడంబూరు దగ్గరి నల్లరేగడి చేలల్లో ఉన్న తమ అమ్మవారి రాతి దగ్గర కూడతారు. 'అగ్గి దిగినమ్మ' అంటారు ఆమెను. చిన్నతాయి తెల్లవారకముందే కొర్రపిండి, బెల్లం కలిపి దంచింది. ఆ పిండి ప్రమిదలో సింధుజ నెయ్యి దీపం వెలిగించింది. పూజ అయింది, పొంగళ్ళు దించారు. అందరూ ఆకుల ముందు కూర్చునేసరికి చిన్నతాయి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి పోతావు అత్తా?" అంది సింధుజ.

"విరుదునగర్‌కు. ఎండుమిరపకాయలు తీసుకోనొస్తా."

"మిరపకాయలు కోవిల్‌పట్టిలో దొరకవా?"

"దొరుకుతాయి. గింజలే ఎక్కువ ఉంటాయి" అని చిన్నతాయి వెనక్కి చూడకుండా బస్సు దారి పట్టింది. సింధుజ ఆమె వెనకే నాలుగడుగులు వచ్చి, ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

విరుదునగర్ బజారు వీధిలోకి తిరగ్గానే మిరపకాయల ఘాటుకు చిన్నతాయి తుమ్మింది. బయల్దేరిన పని తుమ్ముతో మొదలైతే మంచిది కాదని ఒక్క క్షణం నిలబడింది. మళ్ళీ, ఈ వీధిలో తుమ్మని వాడెవడని తనే సర్దిచెప్పుకుంది. చేతిలో కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి పొట్లం ఉంది. వియ్యాలవారింటికి వట్టి చేతులతో పోకూడదు, పోట్లాటకు పోతున్నా సరే.

తలుపు తీసింది గోకుల్ తల్లి ముత్తులక్ష్మి. ఆమె ముఖంలో సంతోషం కంటే కంగారే ముందు కనిపించింది. "రాండి అక్కా, రాండి" అని చాప వేసి, చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. ఎండలో వచ్చిన మనిషిని కాఫీ తాగుతారా అని మాటవరసకైనా అడగలేదు. చిన్నతాయి అది మనసులో రాసుకుంది. కాసేపటికి ముత్తులక్ష్మి ఒక గిన్నెలో నానబెట్టిన కొర్రబియ్యప్పిండి, బెల్లం, అరటిపండు కలిపి తెచ్చింది. పచ్చిపిండి! మధ్యాహ్నం వేళ వచ్చిన చుట్టానికి పొయ్యి ఎక్కని తిండి పెట్టే ఇల్లు ఎక్కడైనా ఉందా?

చెయ్యి కడుక్కునే వంకతో చిన్నతాయి వంటింట్లోకి తొంగి చూసింది. పొయ్యి బోసిగా ఉంది. దాని రబ్బరు గొట్టం ఊడదీసి చుట్ట చుట్టి పెట్టారు. సిలిండరు పెరట్లో వేపచెట్టు కింద ఎండలో నిలబడి ఉంది. అగ్గిపెట్టె కోసం అలమర అంతా కళ్ళతోనే వెతికింది. ఎక్కడా లేదు. వియ్యమందబోతున్న వాళ్ళ యూనిట్ సరుకైనా ఒక పెట్టె ఉండొద్దూ!

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పూ లేదు, పొగా లేదు. చిన్నతాయి గుండెల్లో మాత్రం ఏదో రాజుకుంది. వాళ్ళ ఊళ్ళలో పొయ్యి ముట్టించని ఇల్లు ఒక్కటే, చావు జరిగిన ఇల్లు. ఎవరో పోయారు. పెళ్ళి ఆగుతుందని దాచిపెడుతున్నారు. దీపం ఆర్పిన రోజు కూడా ఇంట్లో మైల ఉందేమో, ఆ సంగతి దాచి తాంబూలాలు పుచ్చుకున్నారేమో!

ఆమె వడివడిగా ముందు గదిలోకి వచ్చేసరికి మీనాక్షియమ్మాళ్ చాప మీద కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా. ముంజేతుల నిండా ఆకుపచ్చ గాజు గాజులు. భర్త పోయి చాలా ఏళ్ళయినా ఈమెకు గాజులేమిటని తాంబూలాల రోజు కూడా చిన్నతాయి కళ్ళు అక్కడే ఆగాయి. ఆ గాజుల చప్పుడు వింటుంటే ఆమెకు కోపం కంటే దుఃఖమే ముందు వచ్చింది. తన గాజులు పగలగొట్టిన రోజు ఆమెకు ఇరవై రెండేళ్ళు.

"ఎవరు పోయినారు మీ ఇంట్లో?" అని నిలబడే అడిగింది.

"ఎవరు పోతారు? అందరమూ గట్టిగా ఉండాము. కూర్చో అమ్మా."

"కూర్చోను. పొయ్యి చల్లగా ఉండాది. సిలిండరు పెరట్లో ఉండాది. చుట్టానికి పచ్చిపిండి పెడతా ఉండారు. చావు తీట్టు పెట్టుకోని మా దగ్గర దాస్తా ఉండారా? మా పిల్లకు తల్లి లేదు. అడిగేదానికి ఎవరూ లేరనుకున్నారా?"

ముత్తులక్ష్మి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మీనాక్షియమ్మాళ్ కోడలి వంక చూసి, లోపలికి పొమ్మని సైగ చేసింది.

"తీట్టు లేదమ్మా. ఈ పొద్దు మా అమ్మ దినం. ఏడాదికి ఒక దినం మా ఇంట్లో అగ్గి పుట్టకూడదు. నిన్న చేసిన కూడు, నానబెట్టిన పిండి, అంతే. కరెంటు పొయ్యి అగ్గి కిందికి వస్తాదా రాదా అని నా కోడలు పోయిన ఏడు నుంచి అడగతా ఉండాది. నాకే తెలీదు, ఏమి చెప్పేది?"

"ఏ అమ్మ?"

"పారొచ్చినమ్మ. ఆ తలుపు వెనకాల ఉండేది ఆమే. ఆ వాకిట్లో ఏ దినమూ దీపం పెట్టము. లోపల ఒక చిన్న బల్బు, అంతే." మెత్తగా అంది: "ఆ దినం నీ చెయ్యి చూసి ఆర్పలేదమ్మా. నిప్పు చూసి ఆర్పినాను. నలుగురిలో చెప్పే కత కాదు. నీ మనసు నొచ్చింటాదని నాకు తెలుసు."

చిన్నతాయి చాప మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ గుండెలో గుచ్చుకున్న ముల్లు ఊడింది. కానీ ఆమె అంత తేలిగ్గా ఊరట పడే మనిషి కాదు. ఒక అనుమానం పోతే ఆ ఖాళీలో ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. మాసి అమావాస్య. తమ అమ్మ దినం కూడా ఇదే. అక్కడ నెయ్యి దీపం, ఇక్కడ నిప్పే నిషేధం.

"ఎక్కడినుంచి పారిపోయి వచ్చింది మీ అమ్మ?"

"చెప్తాను. ముందు మీ అమ్మ కత నువ్వు చెప్పు. మీ పిల్ల ఫోన్లో చెప్పింది విన్నాను. నీ నోట వినాల."

సింధుజకు ఒక యూట్యూబ్ చానల్ ఉంది. జిల్లాలో మరుగున పడిన వింత చరిత్రలు వెతికి చెబుతుంది. చేలల్లోని తమ రాయి గురించి కూడా చెప్పింది. మోచేయి దాకా చెక్కిన ఒక్క ఆడచెయ్యి, దాని నిండా గాజులు, వేళ్ళ మధ్య నిమ్మకాయ. ఆ కథ చిన్నతాయి నోటి నుంచి నేర్చుకున్నదే. చెప్పమంటే చిన్నతాయికి చేదా?

"పాళెగాళ్ళు సండలు, యుద్ధాలు చేసే కాలం. మా వంశంలో ఒక అయ్య తుపాకి దెబ్బకు పోయినాడు. ఆయన పెండ్లాం, చిన్న వయసు, నేనూ వస్తానని ఆయన చితిలో దిగింది. ఎవరు ఆపినా ఆగలేదు. పత్తికట్టెల అగ్గి, ఆకాశం తాకినాదంట. తెల్లారి ఎముకలు ఏరేదానికి పోతే అమ్మ ఎముక ఒక్కటి కూడా దొరకలేదు. ఒంటితోనే పైకి పోయింది. అందుకే కదా మాకు దేవత అయింది!" చివరి మాట అనేటప్పుడు చిన్నతాయి గొంతులో గర్వం తొణికింది.

"మీ అయ్య ఎముకలు దొరికినాయా?"

"దొరికినాయి. తామ్రపర్ణిలో కలిపినారు."

"ఒకే చితి కదా?"

"ఒకే చితి."

"ఒకటే అగ్గి. ఆయన ఎముకలు మిగిల్చింది. ఆమెవి ఎట్ల మిగల్చలేదు?"

చిన్నతాయి తక్కెడను అనుమానించింది, తూచేవాణ్ణి అనుమానించింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చెప్పుకుంటున్న ఈ ఒక్క కథను మాత్రం ఏనాడూ అనుమానించలేదు. ఇంత పెద్ద రంధ్రం కళ్ళ ముందే ఉంటే దానికి చెంపలేసుకుని దండం పెట్టింది.

"పత్తికట్టెలు మండేదానికంటే పొగిసేది ఎక్కువ" అంది మీనాక్షియమ్మాళ్. "ఈ పక్క దించితే, పొగలో ఆ పక్క లేసి, కోతకొచ్చిన జొన్నచేలో పడింది. పాదాలు కాలినాయి. పగలు చేలల్లో పండుకోని, చీకట్లో నడిచి ఈ పక్క వచ్చింది. మా ఇంటి ముందు పడిపోతే మా పెద్దాయన లోపలికి తీసుకోని వచ్చినాడు. తర్వాత పెండ్లి కూడా చేసుకున్నాడు. నా అత్త నాకు చెప్పింది, ఆమె అత్త ఆమెకు చెప్పింది. మగవాళ్ళకు ఈ కత చెప్పే వాడుక లేదు."

"ఆ గాజులు?"

"ఆమె గాజులతో పారొచ్చింది. అందుకని మా ఇంట్లో మొగుడు పోయినా ఆడదాని గాజులు ముట్టకూడదు. నా మొగుడు పోయిన దినం నాకు కొత్త గాజులు తొడిగినారు."

చిన్నతాయి తన చేతులు కొంగు కింద దాచుకుంది. ఎందుకు దాచుకుందో ఆమెకే తెలియలేదు. ఆ క్షణంలో తను ఈ ఇంటి కోడలై పుట్టి ఉంటే బాగుండేదనిపించింది. అలా అనిపించినందుకు తన అమ్మవారి మీద, తన వంశం మీద, చివరికి తన మీదే కోపం వచ్చింది. ఆ కోపమంతా ఎదురుగా ఉన్న మనిషి మీదికి తిరిగింది.

"ఐతే తెలిసే వచ్చినారు మా ఇంటికి! రాయి చూసినారు, ఆ ఇల్లు ఇదే అని కనుక్కున్నారు, మా పిల్లను అడిగినారు. మీ అమ్మను మా వాండ్లు కాల్చబోయినారని కసి. దానికి బదులు మా పిల్లను తెచ్చుకోని ఏమి చేద్దామని?"

"కసి తీర్చుకునేవాండ్లు చెప్తారా అమ్మా ఇట్ల కూర్చోబెట్టి?" ముసలామె గొంతు మొదటిసారి గట్టిపడింది. "ఫోన్లో రాయి చూసినాను, నిజమే. ఆ చెయ్యి చూసి ఒక రాత్రంతా ఏడ్చినాను. ఆ ఊరి వాండ్లను ఒకసారి కళ్ళతో చూసి రారా అని గోకుల్‌ను పంపినాను. అంతే నేను చేసింది. వాడు రాయి చూసేదానికి పోయి మీ పిల్లను చూసినాడు. పెండ్లి మాట నాది కాదు, వాండ్లిద్దరిదీ. నేను వద్దని కూడా చెప్పినాను."

"వద్దన్నారా? ఏంటికి?"

మీనాక్షియమ్మాళ్ మూల గది తలుపు వంక చూసింది. ఆ చూపు వెంట చిన్నతాయి బుర్ర చకచకా పనిచేసింది. అనుమానపు మనిషి కదా, ఎక్కడ తవ్వాలో తెలుసు.

"ఆమె మీ ఇంటి ముందు పడిపోయినప్పుడు... వట్టి మనిషేనా?"

ముసలామె తల దించుకుంది.

"చెప్పండి. కడుపుతో ఉండిందా?"

"ఉండింది."

గోడ మీద గడియారం, వీధిలో లారీ హారన్, లోపల ముత్తులక్ష్మి పాత్రలు సర్దే చప్పుడు, అన్నీ ఒక్కసారిగా చిన్నతాయి చెవుల్లో పెద్దవయ్యాయి.

"కడుపుతో ఉండేదాన్ని చితిలో పెట్టరు" అంది నెమ్మదిగా. "ఏ కాలంలోనూ పెట్టరు. అది పాపం."

"ఆ మాట ఆమె అరిచి చెప్పిందంట. మేళం కొట్టేవాండ్లను గట్టిగా కొట్టమన్నారంట మరుదులు."

ఆ మరుదుల వంశమే చిన్నతాయిది. వాళ్ళ రక్తమే కందసామి, వాళ్ళ రక్తమే సింధుజ. ఈ పొద్దున్నే ఆ రాతికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, పిల్లాపాపలను చల్లగా చూడమ్మా అని మొక్కింది తను. ఎవరికి మొక్కింది!

"ఆ బిడ్డ?"

"మొగబిడ్డ. మా వంశమంతా వాడి నుంచే."

"ఐతే మీరు మా పంగాళీలు" అంది చిన్నతాయి. ఒకే మూలపురుషుడి సంతతి, అన్నదమ్ముల వరస అని ఆ మాటకు అర్థం. పంగాళీల మధ్య పెళ్ళి అనే ఊహే ఆ కులంలో లేదు. "గోకుల్‌కు సింధు చెల్లెలు కావాల. చెల్లెలి మెడలో తాళి కట్టేదా? ఇది తెలిసి తాంబూలం ఎట్ల పుచ్చుకున్నారమ్మా?"

"మా పెద్దాయన ఆ బిడ్డకు తన ఇంటిపేరు ఇచ్చినాడు. మన కులంలో ఇంటిపేరు చూసి పెండ్లి చేస్తారు. రక్తం తవ్వుకుంటా పోతే ఈ పక్క ఎవరికీ పెండ్లి కాదు. రెండు నూరేండ్లు అయింది."

"అగ్గి దిగినమ్మ ఒప్పుకోదు!"

"దిగనే లేదు కదమ్మా ఆమె."

చిన్నతాయికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లేచి నిలబడింది. ఇప్పుడే పోయి అన్నకు చెప్పేస్తుంది. పంగాళీలంతా పొద్దుపోయేదాకా రాతి దగ్గరే ఉంటారు, అందరి ముందూ చెబుతుంది. చెబితే పెళ్ళి ఆగిపోతుంది, సింధుజ ఏడుస్తుంది. ఏడిస్తే తను ఊరుకోబెడుతుంది, చిన్నప్పటి నుంచి చేసిన పనే అది. చెప్పకపోతే వంశం మీద ఎంత పాపం! ఆమె కాళ్ళు వాకిటి వైపు కదిలాయి.

"నిలువు చిన్నతాయమ్మా. ఈ సంగతి నాతో, నా కోడలితో పోలేదు. తాంబూలాల తర్వాత ఇంకొకరికి తెలిసింది. నువ్వుగా వచ్చి అడిగితే తప్ప నీకు చెప్పొద్దని నా చెయ్యి పట్టుకోని ఒట్టు వేయించుకునింది."

"వేయించుకునిందా? ఎవరు? నాకు ఏంటికి చెప్పొద్దు?"

చేతిసంచిలో ఫోన్ మోగింది. సింధుజ.

"అత్తా." గొంతు సన్నగా, గాలిలో కొట్టుకుపోతున్నట్టు వినిపించింది. వెనక పిల్లల అరుపులు, గిన్నెలు సర్దుకుంటున్న సందడి. "నువ్వు మిరపకాయలకు పోలేదని నాకు తెలుసు. అవ్వ ఇంట్లో ఉండావు కదా?"

చిన్నతాయి ఫోన్‌ను చెవికి నొక్కుకుంది.

"అడిగేసినావా అత్తా? ఆమె కడుపుతో ఉండిందని అవ్వ చెప్పేసిందా?"

లోకంలో అందరినీ అనుమానించింది చిన్నతాయి. పాలవాణ్ణి, తక్కెడను, వియ్యాలవారిని, చివరికి ఈ పూట తన దేవతను కూడా. ఈ పిల్లను మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు. పక్కలో పడుకోబెట్టుకుని పెంచిన పిల్ల ఇంత విషయం కడుపులో దాచుకుని, పొద్దున తన పక్కనే నిలబడి ఆ రాతికి దీపం వెలిగించింది. చిన్నతాయి కళ్ళలో నీళ్ళు జలజలా రాలాయి.

"నాకు చెప్పాలనిపించలేదా సింధూ?"

"చెప్పింటే నువ్వు ఒప్పుకునేదానివా?" అని అటునుంచి వెక్కిళ్ళు. "అత్తా, నేను ఆయన్ని విడిచి ఉండలేను. నాయనకు చెప్పొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను..."

మాట మధ్యలోనే తెగింది. ఫోన్ చేతులు మారిన చప్పుడు. తర్వాత కందసామి గొంతు, దగ్గరగా, అరుపు లేకుండా:

"నాకు ఏమి చెప్పకూడదంట, చిన్నతాయీ?"